మ్యూనిక్ నుంచి కారులో సరిహద్దులు దాటే ముందు

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎండాకాలం దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "అమ్మానాన్నలు వస్తున్నారు, పది రోజులు సెలవు దొరికింది, కారులో ఎన్ని దేశాలు చుట్టి రావచ్చు?" నా జవాబు ఎప్పుడూ ఒకటే: రెండు, మహా అయితే మూడు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, వెనిస్ అన్నీ ఒకే ట్రిప్పులో పెట్టుకుంటే పెద్దవాళ్ళు చూసేది కారు అద్దాలే. నడిపేది ఇంట్లో ఒక్కరే అయినప్పుడు రోజుకి నాలుగు గంటలకి మించి ప్లాన్ చేయకండి. మ్యాప్ నాలుగు గంటలంటే టిఫిన్, టాయిలెట్, ట్రాఫిక్ కలిసి ఆరు అవుతుంది.

మ్యూనిక్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి మొదటి ట్రిప్పుగా నేను చెప్పేది బ్రెన్నర్ దారి. ఇన్స్‌బ్రుక్ దాకా 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి బ్రెన్నర్ కనుమ ఎక్కి దిగితే ఇటలీలోని సౌత్ టిరోల్. బోల్జానో దగ్గర మూడు రాత్రులు, గార్డా సరస్సు దగ్గర రెండు మూడు రాత్రులు ఉండి అదే దారిలో వెనక్కి వచ్చేయొచ్చు. వెళ్ళే రోజు మాత్రం జూలై, ఆగస్టు శనివారం కాకుండా చూసుకోండి. అక్కడ సెలవు ఇళ్ళు చాలావరకు శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు, కాబట్టి ఆ రోజు సగం జర్మనీ బ్రెన్నర్ మీదే ఉంటుంది. మంగళవారమో బుధవారమో పొద్దున్నే బయలుదేరితే ప్రాణానికి హాయి.

ఇక అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది లైసెన్సు. ఈ విషయంలో మనవాళ్ళు తీసుకునే రిస్కు చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఇండియా లైసెన్సు జర్మనీలో మీరు నివాసం ఏర్పరచుకున్న దగ్గర్నుంచి 6 నెలల వరకే చెల్లుతుంది. దానితో పాటు అనువాదం గానీ, ఇండియాలో ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ గానీ ఉండాలి. ఆరు నెలలు దాటాక నడిపితే అది లైసెన్సు లేకుండా నడిపినట్టే. జర్మనీలో అది చలానాతో పోయే తప్పు కాదు, క్రిమినల్ నేరం. "రెంటల్ కౌంటర్‌లో తాళాలు ఇచ్చారు కదా" అంటారు కొందరు. మీరు ఈ దేశానికి ఎప్పుడొచ్చారో కౌంటర్‌లో వాళ్ళకి తెలియదు, ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు వాళ్ళు మాత్రం తప్పకుండా చూస్తారు. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్ళు జర్మన్ లైసెన్సుకి థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ రాయాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. ఇన్ని క్లాసులు తప్పనిసరి అన్న నిబంధన మీకు వర్తించదు కానీ, పరీక్షకి డ్రైవింగ్ స్కూల్ కారు కావాలి. ఫస్ట్ ఎయిడ్ కోర్సు, కంటి పరీక్ష కూడా ఉంటాయి. నెలలు పట్టే పని, వచ్చిన మొదటి నెలలోనే మొదలుపెట్టండి.

కారు బుక్ చేసేటప్పుడు ఏయే దేశాలకి వెళ్తున్నారో ముందే చెప్పి, ఆ పేర్లు అగ్రిమెంట్‌లో రాయించుకోండి. కొన్ని ఖరీదైన మోడళ్ళని ఇటలీకో, తూర్పు వైపు దేశాలకో తీసుకెళ్ళనివ్వరు. అనుమతి లేని దేశంలో కారుకి సొట్ట పడితే ఇన్సూరెన్సు వర్తించకపోవచ్చు. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో ఇస్తామంటే అదనపు ఛార్జీ కారు అద్దెని మించిపోవచ్చు. డిపాజిట్‌కి నడిపేవాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. భార్యాభర్తలిద్దరూ నడిపేటట్టయితే రెండో పేరు కూడా రాయించండి.

పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు ఒరిజినల్స్ అందరివీ కారులోనే ఉండాలి. షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల మధ్య, చెకింగ్ ఉండదనుకోవద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది, తిరిగొచ్చేటప్పుడు ఆపొచ్చు. మీ కార్డు రెన్యువల్‌లో ఉండి తాత్కాలిక పత్రం మాత్రమే చేతిలో ఉంటే, దానితో బయటి దేశాలకి వెళ్ళి రావచ్చో లేదో విదేశీయుల ఆఫీసులో అడగండి. ఆ పత్రాల్లో రకాలున్నాయి, అన్నిటికీ ఒకే హక్కు లేదు.

అమ్మానాన్నల వీసా విషయం ఇంకా జాగ్రత్త. సింగిల్ ఎంట్రీ వీసా మీద ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ ఎన్ని తిరిగినా ఫరవాలేదు, అన్నీ షెంగెన్‌లోవే. క్రొయేషియా కూడా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లోకి వచ్చింది. కానీ స్ప్లిట్ నుంచి డుబ్రోవ్‌నిక్‌కి సముద్రం ఒడ్డునే వెళ్తే మధ్యలో న్యూమ్ అనే ఊరి దగ్గర బోస్నియా వస్తుంది. అది షెంగెన్ కాదు. అందులోకి దిగితే సింగిల్ ఎంట్రీ అక్కడితో అయిపోయింది, మళ్ళీ క్రొయేషియాలోకి రానివ్వరు. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు కాబట్టి ఇప్పుడు బోస్నియా తగలకుండానే వెళ్ళొచ్చు. నావిగేషన్ ఏ దారి చూపిస్తోందో ముందు రోజు రాత్రే చూసుకోండి.

రోడ్డు రుసుము ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి. జర్మనీలో కార్లకి ఏమీ లేదు. ఆస్ట్రియా హైవేలకి విన్యెట్, అంటే ముందే కొనుక్కునే రోడ్డు పాస్, కావాలి. అక్కడి హైవేలు చూసే అస్ఫినాగ్ సంస్థ అధికారిక సైట్‌లోనే కారు నంబరు మీద కొనండి, వెతికితే ముందు కనిపించే దళారీ సైట్లు అదనంగా లాగుతాయి. జర్మనీలో అద్దెకి తీసుకున్న కారుకి సాధారణంగా ఆస్ట్రియా విన్యెట్ ఉండదు, అడిగి తెలుసుకోండి. బ్రెన్నర్ హైవేకి వేరే టోల్ ఉంది. స్విట్జర్లాండ్‌లో ఒక్కరోజు వెళ్ళినా ఏడాది విన్యెట్టే, 40 ఫ్రాంకులు. గోట్‌హార్డ్ సొరంగం 17 కిలోమీటర్లు, దానికి మళ్ళీ విడిగా కట్టక్కర్లేదు.

ఇటలీ హైవేలో ఎక్కేటప్పుడు టికెట్ తీసుకుని, దిగేటప్పుడు కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ లైనులోకి మాత్రం దూరకండి, అది టోల్ పరికరం పెట్టించుకున్న కార్లకి. కార్డు బొమ్మ లేదా నోట్లు, నాణేల బొమ్మ ఉన్న లైను చూసుకోండి. గేటు తెరుచుకోకపోతే టెన్షన్ పడి రివర్స్ చేయొద్దు. ఎర్ర బటన్ నొక్కితే మనిషి మాట్లాడతారు, కట్టలేకపోతే ఒక చీటీ వస్తుంది, దాన్ని 15 రోజుల్లో కట్టొచ్చు.

ఇటలీలో అసలు జేబుకి చిల్లు పడేది టోల్ దగ్గర కాదు, పాత ఊళ్ళ లోపల. ఫ్లోరెన్స్, పీసా, బొలోన్యా, వెరోనా లాంటి చోట్ల పాత బస్తీలోకి బయటి కార్లు రాకూడదు. దాన్ని జెడ్‌టీఎల్ అంటారు. సందు మొదట్లో తెల్ల పలక మీద ఎర్ర గుండ్రం, పక్కన ఒక కెమెరా ఉంటాయి, అంతే. గేటు ఉండదు, ఎవరూ ఆపరు. కొన్ని చోట్ల వెలిగే బోర్డు కూడా ఉంటుంది: "వార్కో అత్తీవో" అని ఉంటే కెమెరా పనిచేస్తోంది, వెళ్ళకూడదు. నావిగేషన్ మిమ్మల్ని తిన్నగా అందులోకే తోలుకెళ్ళొచ్చు. హోటల్ వెతుక్కుంటూ ఒకే సందు చుట్టూ రెండుసార్లు తిరిగితే రెండు జరిమానాలు. నోటీసు ఎన్నో నెలల తర్వాత వస్తుంది, దాని కంటే ముందు రెంటల్ వాళ్ళు మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు విడిగా ఛార్జీ వేస్తారు. అందుకని బస ఎప్పుడూ పాత బస్తీ బయటే, పార్కింగ్ ఉన్న చోటే తీసుకోండి. లోపలే తీసుకుంటే మీ కారు నంబరు అనుమతి జాబితాలో పెట్టించమని హోటల్‌కి ముందే రాయండి. వేసవిలో బోల్జానో దగ్గర సైజర్ ఆల్మ్ కొండకి కూడా ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు సొంత కార్లు పైకి వెళ్ళనివ్వరు. కింద కారు పెట్టి కేబుల్ కారు ఎక్కండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కూడా సుఖంగా ఉంటుంది, పైన పచ్చిక బయళ్ళు చూసి ఎవరికైనా మనసు నిండుతుంది.

స్పీడు విషయానికొస్తే, జర్మనీలో చాలాచోట్ల పరిమితి లేని హైవే అలవాటు సరిహద్దు దాటగానే వదిలేయాలి. ఆస్ట్రియాలో 130, కానీ ఆ దేశపు టిరోల్ రాష్ట్రంలో గాలి కాలుష్యం తగ్గించడం కోసం 100 అని పెట్టిన చోట్లు చాలా ఉన్నాయి. ఇటలీలో 130, వాన పడితే 110. స్విట్జర్లాండ్‌లో 120, జరిమానాలు మరీ గట్టివి. కెమెరాల గురించి హెచ్చరించే యాప్‌లు వాడటం కూడా అక్కడ నేరమే. ట్రాఫిక్ ఆగిపోతోందనగానే ఎడమ లైను వాళ్ళు ఎడమకి, మిగతావాళ్ళు కుడికి జరిగి అంబులెన్సుకి దారి వదలాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇది చట్టం. సైరన్ వినపడేదాకా ఆగడం కాదు, బండ్లు నెమ్మదించినప్పుడే జరగాలి.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగకండి, చిన్న గేరు వేసి ఇంజను మీద దిగాలి. పెట్రోలు పోసేటప్పుడు పంపు మీద గుండ్రం గీతలో ఇంగ్లీషు E అక్షరం ఉంటే పెట్రోలు, చతురస్రంలో B ఉంటే డీజిల్. ఈ గుర్తు యూరప్ అంతా ఒకటే.

తిండికి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని చిన్న రైస్ కుక్కర్ పెట్టుకెళ్ళండి. మొదటి రోజుకి పులిహోర కడితే ఎవరికీ ఆకలి ఇబ్బంది ఉండదు. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, పాలు పెరుగు శనివారమే కొనుక్కోండి. ఫోన్ డేటా యూరోపియన్ యూనియన్‌లో మీ ప్లాన్ ప్రకారమే నడుస్తుంది, స్విట్జర్లాండ్ అందులో లేదు. మీ ప్లాన్‌లో ఆ దేశం కలిసి ఉందో లేదో చూసి, లేకపోతే రోమింగ్ ఆపేసి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

బండిలో రిఫ్లెక్టర్ జాకెట్లు డిక్కీలో కాదు, సీటు దగ్గర పెట్టుకోండి. హైవే మీద బండి ఆగితే జాకెట్ వేసుకుని దిగి, అందరూ రెయిలింగ్ అవతల నిలబడాలి, అమ్మానాన్నలని కారులోనే కూర్చోబెట్టొద్దు. అత్యవసరానికి 112 అన్ని దేశాల్లోనూ పనిచేస్తుంది. చిన్న గీత పడ్డా ఫోటోలు తీసి, యూరప్ ప్రమాద నివేదిక ఫారం ఇద్దరూ నింపాలి. అవతలివాళ్ళు రాసింది మీకు అర్థం కాని భాషలో ఉంటే సంతకం పెట్టకుండా పోలీసులని పిలవండి, రెంటల్ వాళ్ళకి అక్కడి నుంచే ఫోన్ చేయండి.