పదిహేనేళ్ల అమ్మాయిని చదువు మాన్పించి ఐటీఎఫ్ సర్క్యూట్‌కు పంపవచ్చా? ఆడి మానేసిన మనిషి జవాబు

ఒంగోలు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయికి పదిహేనేళ్లు నిండాయి, టెన్నిస్ అండర్-16లో రాష్ట్ర స్థాయిలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. పదో తరగతి కాగానే చదువు మాన్పించి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) సర్క్యూట్‌లో, అంటే దేశదేశాల్లో వరుసగా జరిగే మహిళల టోర్నమెంట్లలో ఆడిస్తే రెండేళ్లలో తన ఖర్చు తానే సంపాదించుకుంటుందని కోచ్ చెబుతున్నారట. ఆ మాట నిజమేనా అని ఆయన అడుగుతున్నారు.

నిజం కాదండీ. రెండేళ్లలోనే కాదు, నాలుగేళ్లలో కూడా ఖర్చులు వెనక్కి వచ్చిన వాళ్లను నా తోటి ఆటగాళ్లలో నేను చూడలేదు. నేను నెల్లూరులో పుట్టి, శని ఆదివారాలు రైలెక్కి చెన్నై వెళ్లి ఆట నేర్చుకుని, 2015 నుంచి 2020 మార్చి వరకు ఈ చిన్న టోర్నమెంట్లే ఆడాను. సింగిల్స్‌లో నాకు వచ్చిన అత్యుత్తమ ర్యాంకు తొమ్మిది వందల ఎనభైలలో ఉండేది. ఇప్పుడు నెల్లూరులోనే పిల్లలకు ఆట నేర్పుతున్నాను కనుక, మీ కోచ్ మీద అసూయతో రాస్తున్నానని అనుకోకుండా చదవమని మనవి.

ముందుగా డబ్బు సంగతి చెబుతాను. ప్రొఫెషనల్ మహిళల టెన్నిస్‌లో అన్నింటికన్నా కింది మెట్టు డబ్ల్యూ15, దాని పైన వరుసగా డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100 ఉంటాయి. 2024 నుంచి ఈ అంకెలు డాలర్లను కాక విజేతకు వచ్చే ర్యాంకింగు పాయింట్లను సూచిస్తున్నాయి. డబ్ల్యూ15 మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. ఇది 32 మంది సింగిల్స్ మెయిన్ డ్రాకూ (అసలు పోటీకి) డబుల్స్ జోడీలకూ కలిపి పంచే సొమ్ము. నేను ఆడిన రోజుల్లో మెయిన్ డ్రా మొదటి రౌండులో ఓడిన అమ్మాయికి 147 డాలర్లు, ఒక మ్యాచ్ గెలిచి రెండో రౌండులో ఓడితే 294 డాలర్లు, టైటిల్ గెలిస్తే 2,352 డాలర్లు వచ్చేవి. అందులోంచి పన్ను పట్టుకునే ఇస్తారు. 147 డాలర్లంటే ఇప్పటి మారకంలో పన్నెండు, పదమూడు వేల రూపాయలు. ఇక పై మెట్టు చూడండి. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (మెయిన్ డ్రాలో చోటు కోసం ముందుగా ఆడే పోటీ) మొదటి రౌండులోనే ఓడినవాళ్లకు 35,000 ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. తొమ్మిది డబ్ల్యూ15 టైటిళ్లు గెలిచినా ఆ ఒక్క ఓటమికి వచ్చినంత రాదు. అయితే ఆ క్వాలిఫయింగ్‌లో చోటు దొరకాలంటే ర్యాంకు ఇంచుమించు 230, 240 లోపల ఉండాలి. మన దేశంలో ఏళ్ల తరబడి నంబర్ వన్‌గా ఉన్న అంకితా రైనా పదేళ్లకు పైగా ఈ సర్క్యూట్‌లో తిరిగిన తర్వాత, 2020లో 160వ ర్యాంకుకు చేరింది.

ర్యాంకు ఎలా వస్తుందన్న విషయంలో చాలామంది తల్లిదండ్రులకు స్పష్టత ఉండదు. క్వాలిఫయింగ్ గట్టెక్కి మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ గెలిస్తే ఒక పాయింటు వస్తుంది. ఆ ఒక్క పాయింటుతో పేరు పట్టికలోకి ఎక్కదు. కనీసం మూడు టోర్నమెంట్లలో పాయింట్లు రావాలి, లేదా మొత్తం పది పాయింట్లయినా ఉండాలి. నాకు మొదటి పాయింటు 2015లో మహారాష్ట్రలో జరిగిన పది వేల డాలర్ల టోర్నమెంటులో వచ్చింది. మూడో సెట్ టై బ్రేక్‌లో ఎదుటి అమ్మాయి రెండు సర్వీసులూ తప్పు వేసి, డబుల్ ఫాల్ట్ చేసింది. అంటే నా జీవితంలో మొదటి పాయింటు నేను బంతిని తాకకుండానే వచ్చింది. కోర్టు పక్కన అమ్మ, ఇంకో అమ్మాయి తాలూకు నాన్న, గొడుగు కింద కూర్చున్న అంపైర్ తప్ప ఎవరూ లేరు. అమ్మ చప్పట్లు కొట్టబోయి, ఆ అమ్మాయి ఏడుస్తుంటే చూసి చేతులు దించుకుంది. మూడో టోర్నమెంటులో పాయింటు దొరికి ర్యాంకు రావడానికి అక్కడి నుంచి ఎనిమిది నెలలు పట్టింది.

పాయింటు తెచ్చుకోవడం ఒక కష్టమైతే, నిలుపుకోవడం ఇంకొక కష్టం. ప్రతి పాయింటు సరిగ్గా 52 వారాలకు పట్టికలోంచి రాలిపోతుంది. కిందటి ఏడాది ఏ వారం గెలిచామో ఈ ఏడాది అదే సమయానికి మళ్లీ గెలవకపోతే, ఏ తప్పూ చేయకుండానే వంద, నూటయాభై స్థానాలు కిందికి జారిపోతాము. అందుచేత మడమ బెణికినా, జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా టికెట్ తీసుకోక తప్పదు. ఇవి మన చేతిలో ఉన్న సంగతులు. నియమాలు కూడా మారుతుంటాయి. 2019 జనవరిలో ఐటీఎఫ్ కొత్త పద్ధతి తెచ్చి, పదిహేను వేల డాలర్ల టోర్నమెంట్లకు డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) ర్యాంకింగు పాయింట్లు ఇవ్వడం మానేసి వాటికి విడిగా మరో ర్యాంకింగు పెట్టింది, క్వాలిఫయింగ్ డ్రాలను 24 మందికి కుదించింది. నావన్నీ ఆ స్థాయి పాయింట్లే కావడంతో డబ్ల్యూటీఏ పట్టికలో నా పేరే లేకుండా పోయింది. ప్రపంచమంతటా ఆటగాళ్లు గగ్గోలు పెట్టిన తర్వాత ఆగస్టులో ఆ పాయింట్లను తిరిగి కలిపారు గానీ, ఆ ఏడెనిమిది నెలల్లో మానేసినవాళ్లు మళ్లీ రాకెట్ పట్టుకుని రాలేదు.

ఖర్చు సంగతికి వస్తే, మా నాన్న రాసిపెట్టిన పద్దు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది కనుక అందులోంచి ఒక పేజీ చెబుతాను. మన దేశంలో మహిళల టోర్నమెంట్లు ఏడాది పొడవునా ఉండవు. అందువల్ల వారం వారం టోర్నమెంటు జరిగే టర్కీలోని అంటాల్యా, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్, ట్యునీషియాలోని మొనాస్టిర్ వంటి చోట్లకు వెళ్లి మూడు నాలుగు వారాలు కదలకుండా ఆడటం అందరూ చేసే పని. 2017లో నేను అమ్మతో కలిసి మూడు వారాలు అంటాల్యాలో ఉన్నాను. విమానం, వీసా, టోర్నమెంటు హోటల్, ఎంట్రీ ఫీజులు, గట్టింగ్ (రాకెట్‌కు తీగలు వేయించడం), ప్రాక్టీసు బంతులు అన్నీ కలిపి 2 లక్షల 30 వేలు అయింది. మొదటి వారం మొదటి రౌండు, రెండో వారం రెండో రౌండు, మూడో వారం మళ్లీ మొదటి రౌండు. వచ్చింది 588 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో పన్ను పోక ముందు 38 వేల రూపాయలు. కోచ్‌ను వెంట తీసుకువెళితే ఆ ఖర్చు ఇంకో లక్షకు పైనే అయ్యేది. అందుకే ఈ స్థాయిలో ఆడే అమ్మాయిలలో ఎక్కువమందికి పక్కన కోచ్ ఉండడు, తల్లి ఉంటుంది, లేదా ఎవరూ ఉండరు.

గట్టింగ్ గురించి ఒక మాట చెప్పాలి. క్లే కోర్టు మీద నాకు రెండు మ్యాచ్‌లకు ఒకసారి తీగ తెగేది. హోటల్లో గట్టింగ్ వేసే మనిషి రాకెట్‌కు పదిహేను యూరోలు అడిగేవాడు. ఆ ప్రయాణం తర్వాత చెన్నైలో పాత చేతి గట్టింగ్ మెషిన్ ఒకటి కొని, దాన్ని చీరల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకుని ప్రతి ఊరికీ మోసుకెళ్లాను. రాత్రి పూట హోటల్ గదిలో మంచం అంచుకు దాన్ని బిగించి, ముందు నిలువు తీగలు లాగి, ముడి వేసి, తర్వాత అడ్డ తీగలను ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి అల్లుకుంటూ పోయేదాన్ని. ఒక రాకెట్‌కు నలభై నిమిషాలు పట్టేది. మిగతా అమ్మాయిల రాకెట్లు కూడా అయిదేసి యూరోలకు తీసుకునేదాన్ని. ఒకసారి అలా వేసిచ్చిన మరునాడు పొద్దున నా తీగతోనే ఒక ఉక్రెయిన్ అమ్మాయి నన్ను వరుస సెట్లలో ఓడించింది. ఆ వారం గెలిచిన ప్రైజ్ మనీ కన్నా గట్టింగ్ మీద వచ్చిందే ఎక్కువని అమ్మ లెక్క తేల్చింది.

ఇక్కడ ఆట కన్నా క్యాలెండరే ఎక్కువ మెదడు తింటుంది. ఐటీఎఫ్‌లో ఐపిన్ (ఆటగాళ్ల గుర్తింపు) నంబరు తీసుకున్న తర్వాత, టోర్నమెంటు మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు వచ్చే గురువారం, మన టైము ప్రకారం రాత్రి ఏడున్నరలోగా ఎంట్రీ ఇవ్వాలి. ఒకే వారానికి రెండు మూడు చోట్ల ఎంట్రీలు పెట్టి, పైవాళ్లు ఎవరు తప్పుకుంటారో చూస్తూ కూర్చోవాలి. గడువు దాటాక మానుకుంటే జరిమానా పడవచ్చు. క్వాలిఫయింగ్ జాబితాలో ఆల్టర్నేట్‌గా, అంటే ఎవరైనా తప్పుకుంటేనే చోటు దొరికే వరుసలో ఉన్నప్పుడు వెళ్లాలా వద్దా అన్నది అసలు చిక్కు. వెళితే చోటు దొరక్కుండానే తిరిగి రావచ్చు, వెళ్లకపోతే మనకన్నా కింద ఉన్న అమ్మాయి ఆ చోటులో ఆడవచ్చు. నేను రెండు రకాలుగానూ మోసపోయాను.

ఆడపిల్లను పంపే తల్లిదండ్రులకు ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి ఉంది. ఈ చిన్న మ్యాచ్‌ల మీద కూడా లోకమంతా పందేలు నడుస్తాయి. నేను ఆడిన రోజుల్లో అంపైర్ చేతిలోని పరికరం మీద నొక్కిన స్కోరు అప్పటికప్పుడే పందేల సంస్థలకు చేరేది. నేను ఓడిన మ్యాచ్ ముగిసి, బూట్లు విప్పేలోగా, నా మూలంగా డబ్బు పోయిందని, నన్నూ మా అమ్మనూ తిడుతూ, ముక్కూ మొహం తెలియని వాళ్ల నుంచి సందేశాలు వచ్చేవి. ఒకసారి అంతకన్నా మెత్తగా, మొదటి సెట్ వదిలేస్తే రెండు వేల యూరోలు ఇస్తానని ఒకడు రాశాడు. టైటిల్ గెలిస్తే వచ్చే సొమ్ముకు దాదాపు సమానమైన మొత్తం అది. నేను దాన్ని టోర్నమెంటు సూపర్‌వైజరుకు చూపించాను. చూపించకుండా ఊరుకున్నా నిబంధనల ప్రకారం అది నేరమే, నిషేధం పడుతుంది. పదహారేళ్ల పిల్ల ఒంటరిగా ఫోను పట్టుకుని ఉన్నప్పుడు ఇలాంటి సందేశం వస్తే ఏం చేయాలో ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

మా నాన్నకు విడవలూరు వైపు నాలుగెకరాల రొయ్యల గుంటలు ఉండేవి. నా టోర్నమెంట్లన్నీ రొయ్యల పట్టుబడి డబ్బుతోనే నడిచాయి. టెన్నిస్‌లో సీడ్ అంటే పోటీలో బలమైన ఆటగాళ్లకు ఇచ్చే వరుస స్థానం, మా ఇంట్లో మాత్రం గుంటలో వదిలే రొయ్య పిల్లలే. 2018లో నాకు మొదటిసారి ఎనిమిదో సీడ్ ఇచ్చారని ఫోనులో చెబితే, ఆయన ఒక్క క్షణం ఆగి, ఏ హ్యాచరీదని అడిగారు. రొయ్య మనిషి కనుక ఆయనకు నష్టం అంటే భయం లేదు, లెక్క లేని నష్టం అంటేనే భయం. పంపే ముందే ఇన్ని లక్షలు, ఇన్నేళ్లు అని చెప్పారు. నాలుగేళ్లు అన్నారు, నేను బతిమాలితే అయిదుకు ఒప్పుకున్నారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి సర్క్యూట్ ఆగిపోయినప్పుడు ఆ గడువుకు ఇంకా కొన్ని నెలలు మిగిలాయి. ఆగస్టులో ఆటలు తిరిగి మొదలయ్యాయి, నేను వెళ్లలేదు. ఆ నిర్ణయం గురించి ఇంట్లో గొడవ జరగలేదంటే, గడువు ముందే చెప్పుకుని ఉండటమే కారణం. నాతో ఆడిన ఒక అమ్మాయి ఇంట్లో అలాంటి మాట లేనందువల్ల, పొలం అమ్మిన తర్వాత కూడా ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అంటూ గడిచిపోయింది.

మీ అమ్మాయి విషయంలో చదువు మాన్పించడం నాకు అసలు అర్థం కాని భాగం. పదిహేనేళ్ల వయసులో ఆమె ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఎన్నైనా ఆడతానంటే నియమాలు ఒప్పుకోవు. పదహారో పుట్టినరోజు వరకు పదే ఆడవచ్చు, ఆ తర్వాతి ఏడాది పన్నెండు, పదిహేడేళ్ల వయసులో పదహారు. ఏడాదిలో పది వారాల ఆట కోసం ఇంటర్మీడియెట్ మానాల్సిన అవసరం లేదు, ఓపెన్ స్కూల్లోనైనా పూర్తి చేయవచ్చు. పైగా ఆ సర్టిఫికెట్ ఉంటేనే అమెరికా కాలేజీ దారి తెరుచుకుంటుంది. అక్కడి కాలేజీ జట్లు మంచి ఆటగాళ్లకు ఫీజు, వసతి, భోజనం, కోచింగు అన్నీ ఇచ్చి ఆడిస్తాయి. హైదరాబాదు అమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, చదువు ముగించుకుని వచ్చి, 2024లో మెక్సికోలో జరిగిన డబ్ల్యూటీఏ 125 అనే పై స్థాయి పోటీలో ఒకప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఈ దారి గురించి చెప్పినవాళ్లున్నారు. ప్రొఫెషనల్ అనే మాట మోజులో నేను వినలేదు. ఆ దారి ఉంచుకోవాలంటే ప్రైజ్ మనీ తీసుకునే విషయంలో పరిమితులు ఉండవచ్చు కనుక, ఇప్పటి నుంచే ప్రతి టోర్నమెంటు ఖర్చు రసీదులు దాచండి.

ఆడనివ్వవద్దని నేను అనడం లేదు. పదిహేడేళ్ల వరకు జూనియర్ ఐటీఎఫ్ పోటీలు, మన దేశంలో జరిగే డబ్ల్యూ15లు మాత్రమే ఆడించి, అప్పటికి మెయిన్ డ్రాలో మ్యాచ్‌లు గెలుస్తోందా లేదా చూడండి. దానికన్నా ముందు, దగ్గరలో ఎక్కడ డబ్ల్యూ15 జరిగినా అమ్మాయిని తీసుకుని చూడటానికి వెళ్లండి. టికెట్ ఉండదు, గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఫైనల్ రోజు వెళ్లవద్దు. క్వాలిఫయింగ్ జరిగే ఆదివారం పొద్దున్నే వెళ్లి, చిట్టచివరి కోర్టు దగ్గర సాయంత్రం దాకా కూర్చుని, తిరుగు రైల్లో అమ్మాయి ఏమంటుందో వినండి.