అయోడిన్ తర్వాత రక్తనాళాల సంగతి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం మేడమ్, అమ్మకి హైపర్ థైరాయిడ్‌కి (థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం) రేడియో అయోడిన్ ఇచ్చి మూడు నెలలైంది, ఇప్పుడు కొలెస్ట్రాల్ పెరిగింది, ఆ మందు రక్తనాళాల్ని పాడుచేసిందా?

జవాబు: కంగారు పడకమ్మా. ఆ మందులోని అయోడిన్-131ని ఎక్కువగా థైరాయిడే లాగేసుకుంటుంది, దాని రేడియేషన్ 8 రోజులకోసారి సగమైపోతుంది. అసలు భయం ఆ తర్వాత గ్రంథి మందగించడం గురించే, హార్మోన్ తగ్గి అలాగే వదిలేస్తే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరిగి రక్తనాళాలు బిరుసెక్కుతాయి, అమ్మగారికి అదే మొదలై ఉండొచ్చు, ఈ వారమే ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షలు రెండూ చేయించు, టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మొదట్లో మోసపోతాం. డాక్టరు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) రాస్తే పరగడుపున మంచినీళ్ళతోనే వేయాలి, పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ పక్కనే ఉన్నా గంట ఆగమను, కాఫీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం మాత్రకైతే 4 గంటల గ్యాప్ ఉండాలి.