నాకంటే ముందు ఆ పేజీ ఎవరూ విప్పలేదు

"పుస్తకాల షాపులో చౌకగా ఒక మంచి నవల దొరికితే అంత సంతోషం ఎందుకు? డబ్బు మిగిలినందుకేనా?" అని ఒకరు నన్ను అడిగారు. డబ్బు మిగిలితే ఎవరికైనా బాగానే ఉంటుంది. కానీ నాకు అసలు సంతోషం, ముక్కూమొహం తెలియని రచయిత పుస్తకాన్ని ధైర్యంగా ఇంటికి తెచ్చుకోగలగడంలో ఉంది.

పూర్తి ధర పెట్టేటప్పుడు పదిమంది బాగుందన్నదే కొంటాం, లేదంటే ఇదివరకు చదివిన రచయితనే మళ్ళీ పట్టుకుంటాం. డిస్కౌంట్ బల్ల దగ్గర ఆ టెన్షన్ ఉండదు. పేరైనా వినని వాళ్ళ పుస్తకం తెరిచి, నిలబడే నాలుగు పేజీలు చదివేస్తాం. నాకు బాగా ఇష్టమైన రచయితల్లో సగం మంది అలా పరిచయమైనవాళ్ళే.

ఒక నవల సంగతి చెప్తాను. కింది అరలో, ముందు వరస పుస్తకాల వెనక పడి ఉంది. ముందు అట్ట ఎర్రగానే ఉంది కానీ, వెన్ను మీద రంగు వెలుతురికి వెలిసిపోయి లేత గులాబీకి తిరిగింది. పేజీల కింది అంచు మీద నల్ల స్కెచ్ పెన్‌తో అడ్డంగా ఒక గీత. ఎవరో పిల్లలు గీశారనుకున్నాను. తర్వాత తెలిసింది, అమ్ముడుపోని కాపీలను ప్రచురణకర్తలు టోకున తక్కువకి ఇచ్చేసేటప్పుడు అలా గుర్తు పెడతారట. వాటిని మళ్ళీ ఎవరూ పూర్తి ధరకి వాపసు ఇవ్వకుండా ఆ ఏర్పాటు. అలా కూడా పోని కాపీలు చాలావరకు గుజ్జయి, మళ్ళీ కాగితంగానో అట్టపెట్టెగానో మారిపోతాయి. అంటే ఈ పుస్తకం ఆ గుజ్జు తొట్టి దాకా పోకుండా నా దాకా వచ్చింది. అప్పటినుంచి ఎక్కడ ఆ గీత కనిపించినా పుస్తకాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోకుండా ఉండలేను.

ఇంటికొచ్చి చదువుతుంటే 212వ పేజీ పైమూల లోపలికి మడతపడి ఉంది. విప్పితే, మిగతా పేజీల అంచు దాటి చిన్న త్రికోణం ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. ఫారాలు, అంటే కొన్ని పేజీలు కలిపి అచ్చేసిన పెద్ద కాగితాలు, మడిచి బైండింగ్ చేశాక అంచులు కోస్తారు కదా, అప్పుడు ఆ మూల లోపల ఉండిపోయి కత్తికి దొరకలేదు. అచ్చయిన రోజు నుంచి ఆ మడత అలాగే ఉందన్నమాట! ఒక అన్న తన చెల్లెలికి పదేళ్ళ తర్వాత ఉత్తరం మొదలుపెట్టేది సరిగ్గా ఆ పేజీలోనే. నేను విప్పేదాకా ఆ ఉత్తరం అక్కడ ఎదురుచూస్తూ ఉందనిపించింది. ఆ త్రికోణాన్ని కత్తిరించడానికి చేతులు రాలేదు.

చౌకగా కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఒకసారి మరో నవలలో 240వ పేజీ తిప్పితే మళ్ళీ 225 వచ్చింది. అక్కణ్ణుంచి 240 దాకా చదివిందే, ఆ తర్వాత ఏకంగా 257. పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు పడి, తర్వాతది పడలేదు. హత్య ఎవరు చేశారో తేలే చోటు అది! వారం రోజులు మనసు మనసులో లేదు. అందుకని కొనేముందు పేజీ నంబర్లు ఒకసారి గబగబా తిప్పి చూడండి, అరనిమిషం పని. కాగితం పసుపు తిరిగినంత మాత్రాన భయపడక్కర్లేదు. కలప గుజ్జుతో చేసిన చౌకరకం కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, గాలికీ వెలుతురికీ దాని రంగు మారుతుంది, అంతే. పేజీ మెల్లగా వంచితే పెళుసుగా విరిగేలా ఉంటే మాత్రం వదిలేయండి.

ఆ ఎర్ర అట్ట నవలని ఈమధ్య నా స్నేహితురాలు చదవడానికి అడిగింది. కథ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఇచ్చేముందు 212వ పేజీ తెరిచి, ఆ మూలని పాత మడత మీదే మళ్ళీ లోపలికి మడిచి ఇచ్చాను.