ఎండిపోయే కళ్ళకు ముఖానికి సరిపోయే కళ్ళజోడు

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. జోగ్రెన్స్ సిండ్రోమ్ (కన్నీరు, లాలాజలం తగ్గిపోయే జబ్బు) వల్ల కళ్ళు బాగా ఎండిపోతున్నాయి. చుక్కలు వేసుకుంటూనే ఉన్నా ఫ్యాన్ కింద నిలబడి పాఠం చెప్పలేకపోతున్నాను. స్కూటీ మీద వెళ్తే ఒకటే మంట. చుట్టూ మూసి ఉండే కళ్ళజోడు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే బుగ్గల దగ్గర సందు ఉండిపోయింది. నా మైనస్ ఐదున్నర పవర్ అందులో వేయడం కుదరదన్నారు. నా ముఖానికి కొలతలు తీసి చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చేయించుకోవచ్చమ్మా. మీరు తెప్పించుకున్నలాంటివి బైకుల వాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. వాటి అద్దం ముఖం చుట్టూ బాగా వంగి ఉంటుంది. అంత వంపులో మైనస్ ఐదున్నర పవర్ వేస్తే అంచులు మందంగా వస్తాయి, పక్కలకు చూసినప్పుడు బోర్డు మీది గీతలు వంకరగా కనిపిస్తాయి. కాబట్టి వంపు కళ్ళజోడు సంగతి వదిలేయండి. మీ పవర్ హాయిగా పట్టే మామూలు ఫ్రేమ్ తీసుకుని, దాని చుట్టూ, ఫ్రేమ్‌కూ ముఖానికీ మధ్య సందు మూసే ప్లాస్టిక్ గోడ కట్టించుకోవడమే మీకు సరైన దారి.

ఈ కళ్ళజోడు కన్నీటిని పుట్టించదు, ఉన్న నీటిని గాలికి ఎగిరిపోకుండా కాపాడుతుంది. గిన్నె మీద మూత చేసే పనే ఇది కూడా చేస్తుంది. అందుకే చుక్కలు మానొద్దు. రోజుకు చాలాసార్లు వేసుకోవాల్సి వస్తుంటే ప్రిజర్వేటివ్ లేని రకం రాయమని డాక్టర్‌ను అడగండి.

ఫ్రేమ్ షెల్ రకం, అంటే దళసరి ప్లాస్టిక్‌ది తీసుకోండి. నిండు అంచు ఉండాలి, అద్దం మరీ పెద్దది కాకూడదు. రిమ్‌లెస్ అయితే గోడ నిలవడానికి ఆధారమే ఉండదు. తీగల మీద నిలిచే నోస్ ప్యాడ్లు ఉన్న ఫ్రేమ్‌లో ముక్కు పక్కన గాలికి దారి మిగిలిపోతుంది. అదే ముక్కు మీద నేరుగా కూర్చునే షెల్ ఫ్రేమ్ అయితే ఆ సందు మూసుకుపోతుంది. గోడ సంగతి చూసేముందు ఫ్రేమ్‌ను వేడి చేసి, వంచి, మీ ముఖానికి కుదురుగా కూర్చోబెట్టాలి. వీలైనంత దగ్గరగా రావాలి, కానీ రెప్ప కొట్టినప్పుడు వెంట్రుకలు అద్దానికి తగలకూడదు.

సందు ఎక్కడుందో కంటితో చూసి చెప్పలేం. కళ్ళజోడు ఫిట్టింగ్ చేసేటప్పుడు నేనైతే విజిటింగ్ కార్డును ఫ్రేమ్ అంచు వెంట మెల్లగా జరుపుతూ వెళ్తాను. కార్డు ఎక్కడ సులువుగా దూరితే అక్కడ ఫ్రేమ్ మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెడతాను. అందరూ పక్కల గురించే ఆలోచిస్తారు గానీ సీలింగ్ ఫ్యాన్ గాలి కనుబొమ్మ దగ్గర, పై సందులోంచి నేరుగా కంట్లోకి దిగుతుంది. క్లాసులో మిమ్మల్ని బాధపెడుతున్నది ఎక్కువగా అదే అయి ఉంటుంది. పై గోడ లేకుండా పక్క గోడలు మాత్రం కట్టించుకుంటే మీ డబ్బు వృథా.

తర్వాత దళసరి కాగితంతో నమూనా కత్తిరించి పెట్టి చూడాలి. ఇక్కడ తొందరపడకూడదు. ఆ కాగితంతోనే కళ్ళజోడు చేసేవాళ్ళు మిమ్మల్ని నవ్వమనాలి, గట్టిగా మాట్లాడమనాలి, ఏదైనా నమలమనాలి. రోజంతా పాఠం చెప్పేవాళ్ళకు బుగ్గ లేస్తూ పడుతూ ఉంటుంది. ఊరకే కూర్చున్నప్పుడు తీసిన కొలతతో గోడ కట్టేస్తే నోరు తెరిచినప్పుడల్లా కళ్ళజోడు పైకి లేస్తుంది. స్కూటీ మీద పెట్టుకునేదైతే హెల్మెట్ కూడా వెంట తీసుకెళ్ళి, అది పెట్టుకుని ఉండగానే ఫిట్టింగ్ చూపించుకోండి. హెల్మెట్ కళ్ళజోడు కాడలను నొక్కితే అంచనాలన్నీ మారిపోతాయి.

గోడ పారదర్శకంగా ఉండాలి. రంగుదైతే రోడ్డు మీద పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. అంచు చర్మానికి గుచ్చుకోకుండా సన్నటి సిలికాన్ ట్యూబును పొడవునా చీల్చి తొడిగితే మెత్తగా ఉంటుంది. ఫోమ్ ఇంకా మెత్తనే గానీ చెమట పీల్చి పాడవుతుంది, మన ఎండలకు తరచూ మార్చాలి. గోడను ఫెవిక్విక్ లాంటి జిగురుతో అంటించనివ్వకండి. దాని ఆవిరికి ప్లాస్టిక్ మీద తెల్లటి పొర పడుతుంది, కళ్ళు కూడా మండుతాయి. చిన్న మరలతో బిగిస్తే విప్పి కడుక్కోవచ్చు.

ఆవిరి పట్టడం మాత్రం తప్పదు. లోపల తేమ నిలుస్తోందనడానికి అది గుర్తే, కానీ బోర్డు కనిపించకపోతే టీచర్‌కు పని జరగదు కదా. పై గోడలో గుండుసూది తలంత రంధ్రాలు ఒకటి రెండు పెట్టించి చూడండి, చాలకపోతే ఇంకొకటి. రంధ్రం పెంచడం తేలిక, పూడ్చడం కష్టం. ఏసీ గదిలోంచి ఎండలోకి వచ్చినప్పుడు ఆవిరి ఎక్కువగా పడుతుంది, అది తగ్గేదాకా బండి తీయకండి.

పవర్ అద్దాలకు డబ్బు పెట్టేముందు డాక్టర్‌ను ఇంకో మాట అడగాలి: నాకు స్క్లెరల్ లెన్సులు అవసరమవుతాయా? ఇవి కంటి తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద లెన్సులు. లెన్సుకూ నల్లగుడ్డుకూ మధ్య సెలైన్ నిలిచి ఉంటుంది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ప్రోస్ అనే ఈ రకం లెన్సులు అమరుస్తారు. వాటిలోనే మీ పవర్ వేసే వీలుంది. అలా వేస్తే గోడ కళ్ళజోడులో దూరపు పవర్ అద్దాలు అక్కర్లేకపోవచ్చు, ఆ ఖర్చు మిగులుతుంది.

ఉన్నట్టుండి నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం వస్తే మాత్రం కళ్ళజోడు షాపుకు కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: ముఖ పక్షవాతం వచ్చాక మా నాన్నగారి కుడి కన్ను నిద్రలో పూర్తిగా మూసుకోవడం లేదు. రాత్రి ఈత కళ్ళద్దాలు పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు కంటి డాక్టర్‌కు చూపించండి బాబూ. మూసుకోని కంట్లో నల్లగుడ్డు ఎండి పుండు పడే ప్రమాదం ఉంది. ఈత కళ్ళద్దాలు కంటి చుట్టూ గట్టిగా నొక్కుతాయి, రాత్రంతా పెద్దవారికి పెట్టేవి కావు. సాధారణంగా పడుకునేముందు ఆయింట్‌మెంట్ రాసి రెప్పను టేపుతో మూయమంటారు. దూది, గుడ్డ నేరుగా కంటి మీద పెట్టకండి. రెప్ప తెరుచుకుంటే అవి నల్లగుడ్డును రాస్తాయి. టేపు ఎలా వేయాలో ఆసుపత్రిలో ఒకసారి వేయించి, దగ్గరుండి చూసి నేర్చుకోండి.