ఉప్పునీటి అక్వేరియంలో చేప కళ్ళు తెల్లబడితే చూపు తిరిగి వస్తుందా?

మీ చేప మేతను గురితప్పి పక్కన నోరు తెరుస్తోందని, కళ్ళు తెల్లబడ్డాయని రాశారు. ఒక కన్నే అయితే రాయి గీరుకున్న గాయం కావచ్చు. రెండూ మసకబారితే ముందు నీటినే అనుమానించండి. అమ్మోనియా సున్నా ఉండాలి. నెల్లూరులో మైపాడు తీరం నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చి పోసేవారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉప్పు తప్పక కొలవాలి. పెన్నా వరద కలిస్తే తీరంలో ఉప్పదనం పడిపోతుంది. సాధారణంగా లీటరుకు 35 గ్రాములు ఉండాలి.

కంటిపై అంటుకునే పారదర్శకమైన పరాన్నజీవులూ కారణం కావచ్చు. అదే వేడిమి, అదే పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) ఉన్న ఉప్పులేని మంచినీటిలో చేపను అయిదు నిమిషాలు ఉంచితే అవి తెల్లబడి రాలతాయి.

పైపొర మసక చాలాసార్లు తగ్గుతుంది. లోపలి కటకమే (లెన్స్) తెల్లబడితే చూపు రాదు. అయినా దయచేసి చేపను వదిలేయకండి: వాసనతో, పార్శ్వరేఖతో (ఒంటి పక్కల నీటి కదలికను పసిగట్టే గీతతో) అది మేతను గుర్తుపడుతుంది. రోజూ ఒకేచోట, పుల్లకు గుచ్చి మూతి దగ్గరికే అందించండి.