మూతపడ్డ ఫ్యాక్టరీ వేలంలో పాత లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) కొనొచ్చా?

కొనొచ్చు, కానీ ఫొటోలు చూసి మాత్రం బిడ్ వేయకండి. 2016 దివాలా చట్టం కింద లిక్విడేటర్లు (దివాలా తీసిన కంపెనీ ఆస్తుల్ని అమ్మిపెట్టేవాళ్లు) అమ్మినా, ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో వచ్చినా షరతు దాదాపు ఒకటే: ఎక్కడుందో అక్కడ, ఎలా ఉందో అలా. తర్వాత లోపం బయటపడితే అడిగే హక్కు ఉండదు.

అందుకే తనిఖీకి ఇచ్చిన రోజున తప్పకుండా వెళ్లండి, ఒక డయల్ గేజ్ (చిన్నచిన్న తేడాలు కొలిచే సాధనం), టార్చి పట్టుకుని. హెచ్‌ఎంటీ పాత లేత్‌లు గట్టివే, అయినా బెడ్ (క్యారేజ్ జరిగే పొడవాటి దిమ్మ) అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు, చక్ (ముక్కని పట్టుకునే భాగం) దగ్గరే ఎక్కువ పని జరుగుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ అరుగుతుంది. బెడ్ అలా అరిగి ఉంటే, క్యారేజ్‌ని (కోసే పనిముట్టుని మోసే భాగం) అక్కడ సరిగ్గా బిగించి టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురు చివర ఉండే భాగం) వైపు జరిపితే బిగుసుకుపోతుంది, అదే మీకు దొరికే అసలు ఆధారం. చాలాచోట్ల కరెంటు తీసేసి ఉంటారు. స్పిండిల్‌ని (చక్‌ని తిప్పే ఇరుసు) చేత్తో తిప్పి, గేర్లు మార్చి చూడండి. చేంజ్ గేర్లు (మరలు కోసేందుకు మార్చి పెట్టే గేర్లు), స్టెడీ (పొడవాటి ముక్క వంగకుండా ఆపే ఆధారం), చక్‌లు ఉన్నాయా? ఇవి ముందే మాయమవుతుంటాయి, విడిగా కొనాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది.

బిడ్ ధరకి జీఎస్టీ, క్రేన్, లారీ, మళ్లీ లెవెలింగ్ ఖర్చు కలిపి లెక్కేసుకోండి. గడువులోగా తీసుకెళ్లకపోతే గ్రౌండ్ రెంట్ (సరుకు అక్కడే ఉంచినందుకు అద్దె) పడొచ్చు.