సమాధానం: శాసనాన్ని తరగతిలో చదివించడం గురించి
మోటుపల్లి రేవుకు వచ్చే సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇచ్చిన మోటుపల్లి అభయ శాసనం నకలు మొత్తం పంచితే ఎనిమిదో తరగతి పిల్లలు రెండు వాక్యాలకే నీరసపడ్డారని రాశారు. ఒక పీరియడుకు అంత పాఠం ఎక్కువేనండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన ఆ శాసనం నుంచి ఒక్క భాగాన్ని, అంటే తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలేస్తున్నానని చెప్పే భాగాన్ని, వాడుక తెలుగులో ఇవ్వండి. రాజు పేరు చెప్పకుండా, ఈ మాట ఎవరు ఎవరికి ఎందుకు చెప్పి ఉంటారో ముందు వారినే ఊహించనివ్వండి. రాజు తన గురించి తానే చెప్పుకున్న మాట కాబట్టి, దయతో పాటు రేవు ఆదాయపు లెక్క కూడా అందులో ఉందేమోనని ఎవరో ఒకరు అడుగుతారు (అడగకపోతే మీరే అడగండి). పాఠ్యపుస్తకం ఆ తర్వాతే తెరిపించండి.